నా మట్టుకు నాకు

ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ పళ్ళక్క అంటారు. ఆవిడవి ఎత్తు పళ్ళని కాదు, పళ్ళు చేస్తుందని. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే వాటిని బట్టి కట్టుడు పళ్ళు తయారుచేసే చిన్న ల్యాబ్ ఒకటుంది. పెళ్ళికి ముందు నుంచీ ఆవిడ అందులోనే పనిచేస్తోంది. ప్లాస్టర్ అచ్చు మీద మైనం పరిచి, అందులో ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, చిగుళ్ళ రంగు కుదిరిందో లేదో వెలుతురులో పెట్టి చూసుకుని, చివరికి సానపట్టి మెరుగు పెట్టేదాకా అంతా ఆవిడ చేతిమీదుగానే. ఊళ్ళో ముసలివాళ్ళు నవ్వితే కనిపించేది చాలావరకు పళ్ళక్క చేతిపనే. పని దగ్గర ఆవిడ ఓపిక చూసి ముచ్చటపడని వాళ్ళు లేరు. ఇంట్లోనూ అలాగే ఉండేది, పోప్ గారు విమానంలో ఆ నాలుగు మాటలూ అనేదాకా.

ఆయన ఏదో దూరదేశం వెళ్ళి తిరిగివస్తున్నారు. విమానంలో విలేకరులు చుట్టూ చేరి అదీ ఇదీ అడిగారు. అందులో ఒకడు పళ్ళక్క వాళ్ళ దేశం పేరెత్తి, అక్కడి ప్రభుత్వం ఆయుధాల ఫ్యాక్టరీలు పెంచుతోంది కదా, మీరేమంటారు అన్నాడు. ఆయన కాసేపు ఆలోచించి, "నా మట్టుకు నాకు అది మంచి పనిగా తోచదు. నేనే అక్కడి పౌరుణ్ణయితే ఒప్పుకోను" అన్నారు. అని, గ్లాసెడు మంచినీళ్ళు తాగి, ఇంకో ప్రశ్న వైపు తిరిగారు. ఆయనకి అక్కడితో అయిపోయింది. పళ్ళక్క ఇంట్లో అక్కడే మొదలైంది.

ఎందుకంటే పళ్ళక్క భర్త పనిచేసేది ఫిరంగి గుండ్ల తొడుగులు చేసే ఫ్యాక్టరీలో. ఒకప్పుడు అక్కడ నీళ్ళ పంపులు చేసేవారు. పంపులకి గిరాకీ పోయి ఇక తాళం పడుతుందనుకున్న సమయంలో ప్రభుత్వం గుండ్ల పని అప్పగించింది. లేత్ మిషన్ దగ్గర నిలబడీ నిలబడీ ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి గాని, వెంట్రుకవాసి తేడా రాకుండా ఇనుము కోస్తానన్న గర్వం అరగలేదు. ఇప్పుడా ఫ్యాక్టరీని పెంచడానికి పక్కనున్న ఆటస్థలం అడుగుతున్నారు. ఇవ్వాలా వద్దా అన్నది ఊరివాళ్ళు ఓటేసి తేల్చాలి.

ఆయనకొక అక్క. పళ్ళక్కకి వదిన. అదే ఇంటి కింది వాటాలో రొట్టెల దుకాణం నడుపుతుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. తెల్లారకముందే పొయ్యి వెలిగించి, పొద్దున పూజకి చర్చికి వెళ్ళి, తిరిగొచ్చి దుకాణం తలుపు తీసే మనిషి. ఆవిడ కౌంటర్ పైన గోడకి పోప్ గారి ఫోటో ఉంటుంది. ఆయన మారితే ఫోటో మారుతుంది, భక్తి మారదు.

ఆ ఆదివారం అందరూ పై వాటాలో పళ్ళక్క ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. కూతురూ అల్లుడూ నెలల బిడ్డనెత్తుకుని వచ్చారు. బిడ్డకి జ్ఞానస్నానం ఎప్పుడు చేయించాలి, ఎవరెవర్ని పిలవాలి అని మాట్లాడుకోవడానికే ఆ భోజనం. జ్ఞానతల్లిగా, అంటే బిడ్డ తరఫున ప్రమాణం చేసే మనిషిగా, వదిన నిలబడాలని కూతురు కడుపుతో ఉన్నప్పుడే అనుకున్నారు. వదిన అప్పుడే తెల్లటి శాలువా ఒకటి అల్లడం కూడా మొదలుపెట్టింది.

గిన్నెల మూతలు తీశారో లేదో, వదిన తమ్ముడి వైపు చూసింది. "ఆటస్థలం ఓటు ఎటు వేస్తున్నావురా?"

"ఎటేముంది? ఇమ్మనే."

"పోప్ గారు వద్దన్నారు."

"ఎప్పుడన్నారు?"

"నిన్న టీవీలో రాలేదూ? విమానంలో అన్నారు."

"విమానంలో అన్నారు గదా. గుళ్ళో కాదుగా."

"ఆయన ఎక్కడుంటే అదే గుడి."

"అయితే ఆయన కాఫీలో చక్కెర వద్దంటే మనమూ మానేయాలా?"

అల్లుడు నవ్వబోయి, భార్య కాలు తొక్కడంతో మానుకున్నాడు. వదిన పళ్ళెం కొంచెం ముందుకు తోసింది.

"పోప్ గారు పొరబడరు. చిన్నప్పుడు చర్చి బోధన తరగతిలో నీ పక్కనే కూర్చుని నేర్చుకున్నాను. అప్పుడు నువ్వు నిద్రపోయావేమో."

"నిద్రపోలేదు, బాగానే విన్నాను. శ్రీసభలోని క్రైస్తవులందరికీ ఇది విశ్వాస సత్యమని ఆయన పీఠం మీంచి చాటితే, అప్పుడు పొరబడరు. అది ఎప్పుడో గాని జరగదు. లేత్ మీద నేనేం కోయాలో చెప్పడానికి కాదది. దేవుడి సంగతి ఆయన చెప్తే తలొంచుకుని వింటాను. ఇనుము సంగతి నాకు వదిలెయ్యమను."

"ఇనుమా అది? మనుషుల మీద పడేది."

"మనదేశం మీదికి ఎవడైనా వస్తే పువ్వులు విసురుదామా?"

మాటకి మాట పెరిగింది. ఆవాలు చిటపటలాడినట్టు చిన్నగా మొదలై, చూస్తుండగానే మూకుడంతా అంటుకుంది. పెద్దావిడ, అంటే పళ్ళక్క అత్తగారు, బల్ల చివర కూర్చుని "ఆ రొట్టె ఎవరైనా ఇటు అందిస్తారా" అని అడుగుతూనే ఉంది. ఎవరూ అందించలేదు. చివరికి వదిన లేచి నిలబడింది.

"పోప్ గారి మాటంటే లెక్కలేని ఇంట్లో బిడ్డనెత్తుకుని, సైతాన్నీ వాడి పనుల్నీ విసర్జిస్తున్నానని నేనెలా చెప్పను? ఇంకెవర్నైనా చూసుకోండి" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కూతురు ఏడ్చింది. తల్లి ఏడుస్తోందని బిడ్డ ఏడ్చింది. ఆయన మాత్రం అక్క వదిలేసిన పళ్ళెం కూడా దగ్గరికి లాక్కుని తిన్నాడు. పళ్ళక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎక్కడో ఆకాశంలో ఒక పెద్దాయన ఏదో అంటే, ఇక్కడ తన బల్ల మీద వంట చల్లారిపోవడమేమిటో ఆవిడకి అంతుపట్టలేదు.

మర్నాటి నుంచి అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు. ఉన్న మాటలన్నీ పళ్ళక్క మోయాల్సి వచ్చింది. పనికి వెళ్తూ కింద దుకాణం ముందు నుంచి పోతుంటే వదిన ఆపేది. "మీ ఆయనతో చెప్పు, పాపంలో ఉండి పూజలో దివ్యసత్ప్రసాదం తీసుకోవడం ఇంకో పాపమని." సాయంత్రం పైకి వెళ్ళగానే ఆయన అందుకునేవాడు. "మా అక్కతో చెప్పు, తన దుకాణంలో వెలిగే కరెంటు కూడా గుండ్లు కొనే ప్రభుత్వమే ఇస్తోందని." అడక్కముందే అటు చెప్పాలి, చెప్పకముందే ఇటు జవాబు మోసుకురావాలి. ల్యాబ్‌లో బల్ల ముందు కూర్చుంటే గాని ఆవిడకి ప్రాణం కుదుటపడేది కాదు. అక్కడున్న నోళ్ళన్నీ ప్లాస్టర్‌వి. ఒక్కటీ మాట్లాడదు.

ఊళ్ళోనూ ఇదే గొడవ. పూజ అయ్యాక గేటు దగ్గర ఒక గుంపు, గంటస్తంభం కింద ఒక గుంపు. పోప్ గారు చెప్పాక ఇక ఓటేమిటని వీళ్ళు, ఓటు మాది ఆయనది కాదని వాళ్ళు. ఊరి చర్చి ఫాదర్ నోరు విప్పితే తేలిపోతుందని అందరూ కనిపెట్టుకుని కూర్చున్నారు. ఫాదర్ నోరు విప్పే పరిస్థితిలో లేడు. ఎవరో పండగపూట ఇచ్చిన అక్రోటు కాయ కొరకబోతే పై పళ్ళ సెట్టు రెండు ముక్కలైంది. రుమాలు అడ్డం పెట్టుకుని, ప్రసంగం బదులు ఎప్పటివో పాత ప్రార్థనలు చదివి ముగించేస్తున్నాడు. ఎవరైనా దగ్గరికొచ్చి అడిగితే నోటివైపు వేలు చూపించి, ఏం చేయను అన్నట్టు తలాడిస్తున్నాడు.

ఆ విరిగిన సెట్టు తిరిగి తిరిగి పళ్ళక్క బల్ల మీదికే వచ్చింది. అతికిస్తే నిలవదు, చిగుళ్ళు బాగా కుంచించుకుపోయాయి, కొత్తది చేయాల్సిందే. మైనంలో పళ్ళు నిలబెట్టాక ఒకసారి నోట్లో పెట్టి చూడాలి. కుదరడం కష్టంగా ఉంది, నువ్వు కూడా రామ్మా అని డాక్టరు ఫోన్ చేశాడు.

డాక్టరు గదిలో ఫాదర్ వాలుకుర్చీలో పడుకుని ఉన్నాడు, మెడ చుట్టూ తువ్వాలు. డాక్టరు మైనం సెట్టు నోట్లో పెట్టి, పక్క గదిలో ఎవరో పంటి నొప్పితో మూలుగుతుంటే అటు వెళ్ళాడు.

"కదులుతున్నట్టుందమ్మా" అన్నాడు ఫాదర్.

"కదలవు ఫాదర్. మాట్లాడి చూడండి. కొంచెం పొడుగ్గా ఏదైనా చెప్పాలి."

"ఏం చెప్పమంటావు?"

పళ్ళక్క అద్దం చేతికిచ్చింది. "పోప్ గారు రాజకీయాల్లో తన అభిప్రాయం ఏదైనా చెప్తే మనం పాటించి తీరాలా, అక్కర్లేదా. అది చెప్పండి."

ఫాదర్ అద్దంలోంచే ఆవిడ వైపు చూశాడు. "ఇది పళ్ళకి పరీక్షా, నాకా?"

"రెండింటికీ."

ఆయన తప్పించుకోవడానికి అటూ ఇటూ చూశాడు గాని, వాలుకుర్చీలోంచి గభాల్న లేవడం ఆయన వయసులో అయ్యే పని కాదు. ఇక నెమ్మదిగా మొదలుపెట్టాడు. "యుద్ధం చెడ్డదమ్మా. మనిషి ప్రాణం దేవుడిది. ఇది శ్రీసభ బోధ. ఇది నీకూ తప్పదు, నాకూ తప్పదు, ఆయనకీ తప్పదు. మీ ఆయన కూడా కాదనడనుకుంటాను. ఇక ఈ దేశానికి కాపలా ఎలా పెట్టుకోవాలి, ఆటస్థలం ఇవ్వాలా వద్దా, ఇవి నాలుగు వైపులా చూసి తేల్చుకోవలసినవి. వాటిలో ఆయన చెప్పింది ఒక పెద్దాయన మాట. ఆయనే అన్నారుగా, నా మట్టుకు నాకు అని. దాన్ని గౌరవంగా వినాలి. ఎందుకన్నారో కూర్చుని ఆలోచించాలి. నిజంగా ఆలోచించాక మనస్సాక్షి వేరే దారి చూపిస్తే అటు వెళ్ళడం పాపం కాదు."

"మా వదిన పాపమంటోంది."

"కాదు."

"మా ఆయన, వినాల్సిన పనే లేదంటున్నాడు."

"అదీ తప్పే. వినకుండా తీసిపారేయడం వేరు, విని ఒప్పుకోకపోవడం వేరు."

పళ్ళక్కకి ఒక్కసారిగా గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఇంత చిన్న మాటకా ఇన్నాళ్ళుగా ఇల్లు రెండు చెక్కలైంది అనిపించింది. "మరి ఇదే ముక్క ఆదివారం అందరి ముందూ చెప్పండి ఫాదర్."

ఫాదర్ నోట్లోంచి మైనం సెట్టు తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. బుగ్గలు లోపలికి పోయాయి. "ఫల్లు లేవుగా అమ్మా" అన్నాడు.

ఆ ముఖంలో ఎక్కడా బాధ లేదు. పళ్ళు లేకపోవడం ఈయనకి ఇంత హాయిగా ఉందా అని ఆవిడ నివ్వెరపోయింది. పళ్ళుంటే ప్రసంగం చెప్పాలి. ప్రసంగం చెప్తే గేటు దగ్గరి వాళ్ళకి కోపం, గంటస్తంభం కింది వాళ్ళకీ కోపం. అక్రోటు కాయ ఆయన పాలిట వరమైంది. పళ్ళక్క పళ్ళు కొరుక్కుంది. తన సొంత పళ్ళే.

ల్యాబ్‌లో ముందున్న పనులన్నీ పక్కకి నెట్టి ఆవిడ ఫాదర్ సెట్టు పట్టుకుంది. అడిగిన డాక్టర్లకి అత్యవసరమని చెప్పింది. అబద్ధం కాదు కూడా. శుక్రవారం సాయంత్రం డాక్టరు చేత పెట్టించి, సరిచూసి, ఆయన్ని చర్చి పక్కనే ఉన్న ఇంటి గుమ్మందాకా తనే నడిపించుకుంటూ వెళ్ళింది.

"ఇక మీకు సాకు లేదు ఫాదర్" అంది.

"నువ్వు చాలా గట్టి మనిషివమ్మా" అన్నాడాయన దిగులుగా. కొత్త పళ్ళతో మాట స్పష్టంగా వచ్చింది.

ఆదివారం ఫాదర్ చెప్పాడు. కుర్చీలో చెప్పినదానికన్నా బాగా చెప్పాడు. ఏది బోధో ఏది సలహానో విడదీసి చెప్పాడు. పోప్ గారి అభిప్రాయం ఎదుటివాడి నెత్తిన కొట్టే కర్ర కాదన్నాడు, చెవి దులుపుకుని పోయే ఈగ చప్పుడూ కాదన్నాడు. పళ్ళక్క కుడిపక్క భర్త, ముందు వరసలో వదిన. ఇద్దరూ తలాడిస్తూ వింటున్నారు. హమ్మయ్య అనుకుంది ఆవిడ.

మెట్లు దిగుతుండగానే భర్త చెవిలో అన్నాడు. "విన్నావుగా? పాపం కాదన్నారు. మా అక్కతో చెప్పు."

గేటు దాటకముందే వదిన చెయ్యి పట్టుకుంది. "విన్నావుగా? తీసిపారేయకూడదన్నారు. మీ ఆయనతో చెప్పు."

ఒకే ప్రసంగాన్ని చెరో ముక్కగా విరిచి ఇంటికి పట్టుకుపోతున్నారు. అంత కష్టపడి పళ్ళు చేసింది ఇందుకా అని పళ్ళక్కకి ఒళ్ళు మండిపోయింది.

ఇది చాలదన్నట్టు, తర్వాతి వారంలోనే పోప్ గారు మళ్ళీ మాట్లాడారు. ఈసారి విమానం కాదు, కార్మికుల సభ. ఆదివారం దుకాణాలు మూసేయాలని ఈ దేశంలో చట్టమొకటి రాబోతోంది. అది వస్తే తనకి సంతోషమేనని, పనిచేసే వాళ్ళకి ఇంటిల్లిపాదితో కూర్చునే రోజు ఒకటుండాలని ఆయన అన్నారు. వదిన దుకాణానికి వారం మొత్తం మీద అసలు బేరం ఆదివారం పూజ అయ్యాకే.

ఆ వార్త వినగానే పళ్ళక్క భర్త ముఖం చూడాల్సిందే. ఆయన మోకాళ్ళ నొప్పులు కూడా పోయినట్టున్నాయి. ఆదివారం పూజనుంచి రాగానే నేరుగా అక్క దుకాణం ముందుకెళ్ళి, గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. అక్కతో మాటల్లేవు కాబట్టి, వచ్చే పోయే వాళ్ళతో మాట్లాడుతున్నాడు.

"ఆదివారం రొట్టె కొంటున్నారా? పోప్ గారు వద్దన్నారే."

లోపలినుంచి వదిన, ఎవరితోనో అన్నట్టు, గట్టిగా అంది. "అది ఆయన సొంత అభిప్రాయం. రొట్టెల దుకాణం సంగతి ఆయనకేం తెలుసు?"

పళ్ళక్క అప్పుడే పెద్దావిణ్ణి చెయ్యి పట్టుకుని చర్చి నుంచి నడిపించుకొస్తోంది. ఆ రెండు మాటలూ వరసగా చెవిన పడ్డాయి. ఆవిడ అత్తగారిని అక్కడున్న బెంచీ మీద కూర్చోబెట్టింది. భర్త భుజం పట్టుకుని లోపలికి నెట్టింది. ఆయన కౌంటర్ ముందు, అక్క కౌంటర్ వెనక, మధ్యలో పళ్ళక్క. రొట్టెలు పట్టుకున్న జనం గోడకి అతుక్కుపోయారు. ఆవిడ గొంతు పెంచలేదు, కానీ ల్యాబ్‌లో వాడే ఆకురాయిలా ఉందా గొంతు.

"మీ ఇద్దరికీ పోప్ గారు అక్కర్లేదు. ఆయనన్నది మీకు నచ్చితే దేవుడి మాట, నచ్చకపోతే ముసలాయన మాట. మొన్న మీరన్నది ఇవాళ ఆవిడంటోంది, ఆవిడన్నది మీరంటున్నారు. నేను మాత్రం ఆ రెండూ మోసుకుంటూ మెట్లెక్కుతున్నాను, దిగుతున్నాను. ఇవాళ్టితో సరి. ఎవరి మాట వాళ్ళే మోసుకోండి. వచ్చే నెల మొదటి ఆదివారం బిడ్డకి జ్ఞానస్నానం. వదినా, మీరు నిలబడతానంటే సంతోషం. లేదంటే అత్తయ్య నిలబడుతుంది. ముత్తవ్వ నిలబడకూడదని ఎక్కడా లేదు, ఫాదర్‌ని అడిగాను."

బెంచీ మీంచి పెద్దావిడ, "ఎక్కడ నిలబడాలే?" అంది.

ఎవరూ నవ్వలేదు. పళ్ళక్క అత్తగారి చెయ్యి పట్టుకుని పైకి వెళ్ళి తలుపేసుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం వదిన ల్యాబ్‌కి వచ్చింది. ఎన్నడూ అక్కడికి వచ్చిన మనిషి కాదు. బల్ల మీద వరసగా ఉన్న దవడల్ని చూసి కొంచెం జడుసుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది. పళ్ళక్క చేతిలో పని ఆపలేదు. ఆవిడకింకా కోపం తగ్గలేదు.

"మీ అన్నయ్య కూడా ఆ ఫ్యాక్టరీలోనే చేసేవాడని నీకు తెలుసా?" అంది వదిన, చనిపోయిన తన భర్త గురించి.

"పంపులప్పుడు అనుకున్నాను."

"గుండ్లప్పుడు కూడా. నీ పెళ్ళికి ముందు. మొదటి బండి లోడు వెళ్ళిన రోజున ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు, ముద్ద ఎత్తలేదు. ఇది ఎవరింటి మీద పడుతుందో అన్నాడు. మర్నాడూ అంతే. ఆ మాటే అన్నాడు, ముద్ద దిగలేదు. చివరికి మానేశాడు. అందరూ పిరికివాడన్నారు. నీ మొగుడు అప్పుడు కుర్రాడు, మా బావకి ఇనుమంటే భయమని ఫ్యాక్టరీ గేటు దగ్గర అందరి ముందూ నవ్వాడు. తర్వాత ఆయన ఈ రొట్టెల పొయ్యి పెట్టుకున్నాడు. పోయేదాకా మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు."

పళ్ళక్క ఆకురాయి కింద పెట్టింది.

"మొన్న టీవీలో పోప్ గారు, నేనయితే ఒప్పుకోను అన్నారు చూడు. అచ్చం మీ అన్నయ్య గొంతులా వినిపించింది నాకు. నా మొగుడంటే నవ్వారు, ఇప్పుడు పోప్ గారన్నారు, ఇప్పుడెలా నవ్వుతారో చూద్దామనుకున్నాను." వదిన పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. "వాడు ఆయన్ని చూసి కూడా నవ్వాడు."

"ఈ మాట మా ఆయనతో ఎందుకు చెప్పలేదు వదినా? పాపమని, సైతానని, ఇదంతా ఎందుకు?"

"పోప్ గారి మాటంటే నోరు మూసుకుంటాడనుకున్నాను. నా మాటకెప్పుడు మూశాడు గనక."

పళ్ళక్కకి జాలీ కలిగింది, చిరాకూ కలిగింది. ఇన్నేళ్ళ బాధని దాచుకుని, దాని మీద పోప్ గారిని మూతలా పెట్టి, ఆ మూతతో ఊరంతా మోగించింది ఈ మనిషి. వెంటనే అనేయాలనిపించి, మానుకుని, లేచి మంచినీళ్ళిచ్చింది.

మోసుకుపోనని ఒట్టేసినట్టు చెప్పింది గాని, ఇది ఒక్కటీ మోయక తప్పలేదు. ఆ సాయంత్రం భర్తతో చెప్పింది.

"నేనన్నానా? గేటు దగ్గర? నాకు గుర్తే లేదే."

"మీకుండదు. ఆవిడకుంది."

ఆయన చెప్పులేసుకుని కిందికి వెళ్ళాడు. పళ్ళక్క మెట్ల మీద నిలబడి వింది. వినకూడదని తెలుసు, ఐనా వింది.

"బావని ఏదో అన్నానట" అన్నాడు తమ్ముడు.

"అన్నావు."

"గుర్తులేదక్కా."

"సరే."

"గుర్తులేకపోయినా అన్నానంటే అన్నట్టే. తప్పే."

తర్వాత వదిన గొంతు వినిపించింది. "ఓటు మాత్రం ఇమ్మనే వేస్తావు."

"వేస్తాను. స్థలం ఇవ్వక ఫ్యాక్టరీ మూతపడితే ఈ మోకాళ్ళతో నన్నెవడు తీసుకుంటాడే?"

"నీ ఖర్మ" అంది వదిన. అంత చిరాగ్గా అన్నా, నేరుగా తమ్ముడితోనే అంది.

ఓట్ల రోజున పళ్ళక్క కూడా వెళ్ళింది. ఇంతకాలంలో నువ్వెటు వేస్తావని ఆవిణ్ణి ఒక్కరూ అడగలేదు. అది తలుచుకుంటే నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఓటు పెట్టె ముందుకు వెళ్ళేముందు ఫాదర్ చెప్పినట్టే చేసింది, కూర్చుని ఆలోచించింది. భర్త మోకాళ్ళ గురించి ఆలోచించింది. నిజంగానే ఎవరైనా దండెత్తి వస్తే ఎలా అన్నది కూడా ఆలోచించింది. విమానంలో ఆ పెద్దాయన అలా ఎందుకని ఉంటారు, ఆయన ఎన్ని కూలిన ఇళ్ళ ముందు నిలబడి ఉంటారు అనుకుంది. చివరికి కంచం ముందు కూర్చుని ముద్దెత్తలేని మనిషే కళ్ళ ముందు నిలిచాడు. వద్దని వేసింది. పోప్ గారన్నారని వేయలేదు. ఆయన అనకపోతే ఇంతసేపు ఆలోచించేది కాదన్నది మాత్రం నిజం. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే వదినకి అదొక కర్ర, ఆయనకి అదొక పుండు.

ఆటస్థలం ఫ్యాక్టరీకే వెళ్ళింది, అతి కొద్ది ఓట్ల తేడాతో. ఆదివారం దుకాణాల చట్టం మాత్రం పెద్దల సభలో ఎక్కడో చిక్కుకుపోయి, ఇప్పటికీ అతీగతీ లేదు. ఫాదర్ మీద బిషప్ గారికి రెండు పక్షాల వాళ్ళూ ఫిర్యాదు చేశారట, ఒకే వారంలో.

అనుకున్న ఆదివారమే బిడ్డకి జ్ఞానస్నానం జరిగింది. వదిన కొత్త శాలువా కప్పి బిడ్డనెత్తుకుని జ్ఞానస్నానపు తొట్టి దగ్గర నిలబడింది. సైతాన్నీ వాడి పనుల్నీ విసర్జిస్తున్నావా అని ఫాదర్ అడిగితే, పక్కనున్న తమ్ముడి వైపు ఒక చూపు చూసి, "విసర్జిస్తున్నాను" అంది. తమ్ముడు పైకప్పు చూశాడు.

నీళ్ళు నెత్తిన పడగానే బిడ్డ కెవ్వుమంది.

"చల్లటి నీళ్ళు పోయించావేమిటక్కా, పసిగుడ్డుకి?" అన్నాడు తమ్ముడు, అక్కడికక్కడే.

"నేనా పోసింది? ఫాదర్ పోశారు. నులివెచ్చగానే ఉన్నాయి, చెయ్యి పెట్టి చూసుకో."

"ఇవి నులివెచ్చనా?"

"మరి కాగబెట్టమంటావా?"

ఫాదర్ చేతిలో గిన్నె పట్టుకుని, ప్రార్థన ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోయి, ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కూతురు తల్లి వైపు చూసింది. పళ్ళక్క ముందుకొచ్చి, ఏడుస్తున్న బిడ్డని వదిన చేతుల్లోంచి తీసుకుని, భుజాన వేసుకుని వీపు తట్టడం మొదలుపెట్టింది. వెనక వాళ్ళిద్దరూ నీళ్ళ మీద వాదించుకుంటూనే ఉన్నారు.